చెడిపోతున్న హార్డ్ డిస్క్: ముందు డేటా, తర్వాతే కంప్యూటర్

ఆన్ చేశాక డెస్క్‌టాప్ రావడానికి పది నిమిషాలు పడుతోంది. ఫోల్డర్ తెరిస్తే పైన ఆకుపచ్చ గీత సాగి సాగి చివర్లో ఆగిపోతోంది. ఫైళ్లు కాపీ పెడితే సగంలో వేగం సున్నాకి పడిపోయి, కాసేపటికి తనంతట తానే మళ్లీ కదులుతోంది. ఇలాంటి సిస్టంను సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మొదటి మాట, "విండోస్ కొట్టాలండీ, సరిపోతుంది." డేటా ఏమవుతుందని అడిగితే, "సి ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, డి డ్రైవ్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు" అంటారు. వైరస్ వల్లనో, ఏళ్ల తరబడి పేరుకున్న సాఫ్ట్‌వేర్ వల్లనో నెమ్మదించిన సిస్టంకి ఆ సలహాలో తప్పు లేదు. హార్డ్ డిస్కే చెడిపోతూ ఉంటే మాత్రం, దక్కాల్సిన డేటాను దక్కకుండా చేసే పని అదే.

ఇక్కడ పనులు రెండు. కంప్యూటర్ మళ్లీ నడిచేలా చేయడం ఒకటి, అందులో ఉన్నదాన్ని బయటకు తీయడం రెండోది. డిస్క్ బాగున్నంతకాలం ఈ రెండూ కలిసే నడుస్తాయి. అది చెడటం మొదలయ్యాక ఒకదానికి మేలు చేసేది రెండోదానికి కీడు చేస్తుంది. సిస్టంను నడిపించాలంటే డిస్క్ మీద చదవడం, రాయడం పెరుగుతాయి. డేటా దక్కాలంటే చదవడం వీలైనంత తగ్గాలి, రాయడం పూర్తిగా ఆగాలి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న ఒక్క నిర్ణయం మీదే పెళ్లి ఫోటోలు, లెక్కల పుస్తకాలు, పదేళ్ల కంపోజింగ్ పని ఆధారపడి ఉంటాయి. ఆ నిర్ణయం సాధారణంగా డేటా యజమాని చేతుల్లో కాకుండా కౌంటర్ అవతలి మనిషి చేతుల్లో ఉంటోంది. అతని పని సిస్టంను సాయంత్రానికి నడిపించి ఇవ్వడం.

లోపల ఏం జరుగుతుంది

హార్డ్ డిస్క్‌లో అద్దంలా నున్నని పళ్లేలు తిరుగుతుంటాయి. డెస్క్‌టాప్ డిస్కుల్లో ఎక్కువగా నిమిషానికి 7200 సార్లు, ల్యాప్‌టాప్ డిస్కుల్లో 5400 సార్లు. 7200 వేగంతో తిరిగే మూడున్నర అంగుళాల డిస్క్‌లో పళ్లెం అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. దాని మీద చదివే హెడ్ తాకీ తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మనిషి వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుంది గనక, ఆ ఎడంలో ధూళి రేణువుకు కూడా చోటు లేదు.

పళ్లెం మీద డేటా సెక్టార్లుగా ఉంటుంది. పాత డిస్కుల్లో ఒక్కో సెక్టార్ 512 బైట్లు, ఇప్పటి వాటిలో 4096. ఏదైనా సెక్టార్ బలహీనపడితే డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. అదే చోటును మళ్లీ మళ్లీ చదువుతుంది, హెడ్‌ను కొంచెం అటూ ఇటూ జరిపి చూస్తుంది. సర్వర్లలో వాడే డిస్కులు సుమారు ఏడు సెకన్లలో ప్రయత్నం మాని లోపమని చెప్పేస్తాయి. ఇళ్లలో వాడేవి అంతకంటే చాలాసేపు పట్టు వదలవు. డిస్క్ వదిలేశాక విండోస్ మళ్లీ అడుగుతుంది, డిస్క్ మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. తెర మీద సిస్టం "హ్యాంగ్ అయినట్టు" కనిపించే సమయమంతా లోపల జరుగుతున్నది ఈ పెనుగులాటే. దెబ్బతిన్న హెడ్ దెబ్బతిన్న చోటు మీదనే వందల సార్లు తిరుగుతోందన్నమాట. సిస్టంను అలా రాత్రంతా వదిలేస్తే నష్టం పెరిగే అవకాశమే ఎక్కువ.

డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే లెక్క రాసుకుంటుంది. స్మార్ట్ అనే ఈ పట్టికను విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో చూడొచ్చు. అందులో పాతిక ముప్పై వరుసలుంటాయి, అన్నీ అక్కర్లేదు. 05వ వరుస, చెడి పక్కన పెట్టేసిన సెక్టార్ల సంఖ్య. సి5 వరుస, చదవడం కుదరక పెండింగ్‌లో ఉన్నవి. సి6, ఎంత ప్రయత్నించినా సరిదిద్దలేనివి. ఈ మూడూ సున్నా ఉండాలి. సి7 పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, కేబుల్ వదులైనా ఆ అంకె పెరుగుతుంది. కేబుల్ మార్చి చూడటం చాలా చవకైన పరీక్ష. ఇంకో సంగతి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ముడి అంకెలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో చూపిస్తుంది. అక్కడ 10 అని కనిపిస్తే అది పదహారు.

సి5 గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, మోసమంతా ఇక్కడే ఉంది. చదవలేకపోయిన సెక్టార్‌ను డిస్క్ వెంటనే పారేయదు. ఎప్పటికైనా చదవగలనేమోనని పెండింగ్‌లో ఉంచుతుంది. ఆ చోట కొత్త డేటా రాసినప్పుడే తీర్పు వస్తుంది. రాయడం కుదిరితే పెండింగ్ ఎత్తేస్తుంది, కుదరకపోతే ఆ సెక్టార్‌ను పక్కనపెట్టి అదనంగా దాచిన సెక్టార్లలో ఒకదాన్ని వాడుకుంటుంది. రెండు దారుల్లోనూ పాత డేటా శాశ్వతంగా పోతుంది. ఇప్పుడు డిస్క్‌ను పూర్తిగా ఫార్మాట్ చేసి విండోస్ వేస్తే ఏమవుతుందో చూడండి. పెండింగ్ అంకె సున్నాకి దిగుతుంది. సిస్టం చకచకా లేస్తుంది. "చూశారా, డిస్క్‌కి ఏమీ కాలేదు" అని చెప్పొచ్చు, ఆ మాట అన్నవాళ్లు నిజాయితీగానే అంటారు కూడా. నిజానికి అక్కడ జరిగింది హెచ్చరికను చెరిపేయడం. దాంతోపాటు, ఓపిగ్గా ప్రయత్నిస్తే చదవడానికి వీలున్న డేటా కూడా చెరిగిపోయింది.

పెండింగ్ సెక్టార్ కనిపించిన ప్రతి డిస్కూ రేపే పోతుందని కాదు. రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన సెక్టార్ కూడా చదవలేనిదిగా మిగులుతుంది, పళ్లేనికి దెబ్బేమీ తగలకపోయినా. యూపీఎస్ లేని ఇళ్లలో, షాపుల్లో ఇది మామూలే. అయినా పనుల క్రమం మారదు. ముందు నకలు తీయాలి, డిస్క్ మంచిదో కాదో తర్వాత తేల్చుకోవాలి.

స్మార్ట్ పట్టికను ఎంతవరకు నమ్మాలన్నదానికి మంచి జవాబు 2007లో వచ్చింది. గూగుల్ తన దగ్గర నడుస్తున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనం అది. తనిఖీలో మొదటి లోపం దొరికిన డిస్క్, లోపం లేని వాటితో పోలిస్తే రాబోయే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో రెండో సంగతి కూడా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, బలమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. కాబట్టి పట్టిక ఎర్ర జెండా చూపితే నమ్మాలి, పచ్చ జెండా చూపితే మాత్రం భరోసా పెట్టుకోకూడదు. పెట్టె మీద రాసే "పది లక్షల గంటలు" కూడా ఒక్క డిస్క్ ఆయుష్షు కాదు. గంటల్ని సంవత్సరాల్లోకి మారిస్తే అది 114 ఏళ్లు అవుతుంది, అన్నేళ్లు నడిచే డిస్క్ ఎక్కడా లేదు. వేల డిస్కులను కలిపి వేసే సగటు లెక్క అది. ఆ ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కంటే తక్కువ పోవాలి. కార్నెగీ మెలన్ పరిశోధకులు 2007లోనే వాస్తవ వాడకంలోని లెక్కలు తీస్తే, మామూలుగా రెండు నుంచి నాలుగు దాకా పోతున్నట్టు కనిపించింది. వారంటీ ఉన్నా కంపెనీ ఇచ్చేది ఖాళీ డిస్క్ మాత్రమే.

రిపేరు చేసే నష్టం

అనుమానం వచ్చిన వెంటనే చేయాల్సింది సిస్టంను షట్‌డౌన్ చేయడం. ఇంత చిన్న పని చేయడానికి మనసొప్పదు, ఎందుకంటే ఏదో ఒకటి చేసి బాగుచేయాలన్న ఆత్రం అడ్డొస్తుంది. పైగా ఆ ఆత్రాన్ని విండోసే ఎగదోస్తుంది. డిస్క్‌లో తేడా కనిపించగానే, తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు నల్ల తెర మీద డ్రైవ్‌ను సరిచేస్తున్నానని చెప్పి చెక్‌డిస్క్ మొదలుపెడుతుంది. కొన్ని సెకన్లలోపు ఏదైనా కీ నొక్కితే అది ఆగుతుంది. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు తప్పకుండా ఆపాలి. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టంను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలను పొందికగా చేయడం, ఫైళ్లను కాపాడటం కాదు. దారి తెలియని ఫైలు ముక్కలను కత్తిరించి వేరే ఫోల్డర్‌లో అంకెల పేర్లతో పడేస్తుంది, కొన్నిటి జాడ తీసేస్తుంది. బ్యాడ్ సెక్టార్లు వెతకమని చెబితే డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది. మరుక్షణంలో ఆగిపోయేలా ఉన్న హెడ్‌తో చేయించే ఆఖరి ప్రయాణం ఖాళీ చోట్లను తనిఖీ చేయడానికి కాకూడదు. ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్, యాంటీవైరస్ ఫుల్ స్కాన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. పోయిన ఫైళ్లు వెతికే రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయడం అన్నిటికన్నా ఘోరం, వెతుకుతున్న ఫైలు మీదే అది కూర్చోవచ్చు.

శబ్దం వస్తుంటే లెక్క వేరు. సమాన వ్యవధిలో టక్ టక్ మని కొట్టుకోవడం, గీరుతున్నట్టు చప్పుడు రావడం హెడ్ చెడిందనడానికి గుర్తులు. కింద పడిన ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఇది ఎక్కువ. అలాంటి డిస్క్‌ను ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దామనుకున్న ప్రతిసారీ పళ్లెం మీద గీత పడే ప్రమాదం ఉంది, గీత పడిన చోటి డేటాను ఎవరూ తిరిగి తేలేరు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న చిట్కా ఇంకా తిరుగుతోంది. చల్లబడిన పళ్లేల మీద తేమ చేరుతుంది, హెడ్‌కు ఉన్న కాస్త ఎడమూ పోతుంది. మూత విప్పి చూడటం, సర్క్యూట్ బోర్డు ఇంకో డిస్క్‌ది తెచ్చి బిగించడం కూడా చేయకూడనివే. ఇప్పటి డిస్కుల్లో ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే సర్దుబాటు విలువలు బోర్డు మీది చిప్‌లో ఉంటాయి, కాబట్టి అదే మోడల్ బోర్డు పెట్టినా సాధారణంగా నడవదు. ఈ స్థితిలో దారి ఒక్కటే, ధూళి లేని గదిలో హెడ్లు మార్చగల డేటా రికవరీ ల్యాబ్. ఖర్చు ఎక్కువే. డిస్క్ ఇచ్చేముందు మూడు సంగతులు అడగాలి: హెడ్ల మార్పిడి వాళ్ల దగ్గరే జరుగుతుందా లేక వేరేచోటికి పంపుతారా, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, వచ్చిన ఫైళ్ల జాబితా డబ్బు కట్టేముందు చూపిస్తారా. అప్పటికే ఒకరిద్దరు విప్పి చూసిన డిస్క్ అయితే ల్యాబ్‌కి కూడా పని కష్టమవుతుంది.

నకలు తీసే తీరు

శబ్దం లేదు, నెమ్మదిగానైనా చదువుతోంది అన్న డిస్క్ విషయంలో ఇంట్లోనే చాలా చేయొచ్చు. ముందుగా దాంట్లోంచి విండోస్ నడపడం ఆపాలి. డిస్క్ విప్పి ఇంకో కంప్యూటర్‌కి రెండో డిస్క్‌గా తగిలించాలి, వీలైతే యూఎస్‌బీ అడాప్టర్ కాకుండా నేరుగా సాటా కేబుల్‌తో. పెన్ డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌తో బూట్ చేస్తే ఇంకా మేలు, అది మామూలుగా అడగకుండా డిస్క్ మీద ఏమీ రాయదు. కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది, డేటా కూడా ఆ బోర్డే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. వాటి డబ్బా పగలగొట్టి లాభం లేదు.

తర్వాతి ప్రశ్న, ఫైళ్లు ఏరుకోవాలా, డిస్క్ మొత్తం నకలు తీయాలా? కావలసింది నాలుగు ఫోల్డర్లే అయితే, వాటిని ప్రాధాన్యం ప్రకారం కాపీ చేసి ఊపిరి పీల్చుకోవచ్చు. లక్షల చిన్న ఫైళ్లున్న ఫోటో స్టూడియో డిస్క్‌లాంటివి అలా కుదరవు. ఫైలు ఫైలుకీ హెడ్ డిస్క్ అంతా దూకుతుంది, చెడ్డ ఫైలు ఒకటి తగలగానే విండోస్ కాపీ అక్కడే నిలబడిపోతుంది. ఇలాంటి వాటికోసమే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని పద్ధతిలో వివేకం ఉంది. మొదటి విడతలో డిస్క్‌లో బాగున్న ప్రాంతాలన్నీ వరుసగా చదివేస్తుంది. ఇబ్బంది పెట్టిన చోటు రాగానే పంతానికి పోకుండా దాటేసి, ఆ చోటును మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది. దక్కేదంతా దక్కించుకున్నాకే వెనక్కి వచ్చి, వదిలేసిన చోట్ల అంచుల నుంచి మెల్లగా లోపలికి వెళుతుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కి ఆపాల్సి వచ్చినా, మ్యాప్‌ఫైల్ ఉంటే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. నకలు రాసే డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది కమాండ్ ఇచ్చేముందు మోడల్ పేరు, సీరియల్ నంబర్ చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి డేటా మీద రాసుకుంటుంది, ఆ తర్వాత ల్యాబ్ కూడా ఏమీ చేయలేదు.

బాగున్న ఒక టీబీ డిస్క్‌ను సెకనుకు 100 ఎంబీ వేగంతో చదివితే మూడు గంటల లోపే అయిపోతుంది. చెడిన డిస్క్‌కి ఒక రోజు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. ఓపిక పట్టాల్సిందే. డిస్క్ వేడెక్కకుండా పక్కన ఫ్యాన్ పెట్టడం ఇక్కడ నిజంగా పనికొచ్చే సాయం.

నకలు చేతికొచ్చాక రిపేర్లన్నీ దాని మీద చేసుకోవచ్చు. చెక్‌డిస్క్ కూడా అప్పుడు నిక్షేపంగా నడపొచ్చు, చెడగొడితే ఇంకో నకలు తీసుకోవచ్చు. పార్టిషన్ కనిపించకుండా పోతే టెస్ట్‌డిస్క్ పనికొస్తుంది. ఫోల్డర్ల నిర్మాణమే పోయిన సందర్భంలో ఫోటోరెక్ ఉంది, కానీ అది ఫైలు ఆకారాన్ని బట్టి వెతుకుతుంది కనుక పాత పేర్లు రావు. వేల ఫోటోలు వరస అంకెల పేర్లున్న ఫోల్డర్లలో, సెక్టార్ అంకెలే పేర్లుగా కుప్పగా పడతాయి. ఏ పెళ్లి ఎవరిదో కెమెరా ఫైలు లోపల దాచిన తేదీ, సమయం బట్టి విడదీయాల్సి ఉంటుంది. స్టూడియోకి ఇది వారాల పని, అయినా ఉత్తచేతులతో మిగలడం కన్నా వెయ్యి రెట్లు నయం.

తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు ఈ అవకాశాల్లో చాలా భాగం ఉండదు. అది చప్పుడు చేయదు, చాలాసార్లు నెమ్మదించదు కూడా, ఉన్నట్టుండి కంప్యూటర్‌కి కనిపించడం మానేస్తుంది. డిలీట్ చేసిన ఫైళ్ల చోటును ట్రిమ్ అనే ఏర్పాటు వెంటనే ఖాళీ చేసేస్తుంది గనక, పొరపాటున చెరిపినదాన్ని తెచ్చే ఆశ కూడా తక్కువ. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ విండోస్‌లోని బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్‌తో తాళం పడి ఉండటం మామూలైపోయింది. 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో తెలియకపోతే డిస్క్ బాగున్నా అది వేరే కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఆ కీని ఈరోజే వెతికి కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. డేటా రాసిపెట్టి ఏళ్ల తరబడి బీరువాలో దాచే పనికి ఎస్‌ఎస్‌డీ పనికిరాదు, కరెంటు తగలకపోతే దానిలోని విద్యుదావేశం మెల్లమెల్లగా కారిపోతుంది.

బ్యాకప్ అనుకునేవి, కానివి

ఇంతవరకు చెప్పుకున్న తంటా అంతా బ్యాకప్ లేని ఇంట్లోనే. ఉన్న ఇంట్లో డిస్క్ చెడితే కొత్తది కొని బిగించుకోవడంతో కథ ముగుస్తుంది. చిక్కేమిటంటే, బ్యాకప్ లేని చాలామంది తమకు ఉందనే అనుకుంటారు.

మన దగ్గర అన్నిటికన్నా విస్తారంగా ఉన్న నమ్మకం డి డ్రైవ్. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ డేటా సి లో ఉంటుంది, అకౌంటెంట్ రోజూ సాయంత్రం బ్యాకప్ తీసి డి లో పెడతాడు. క్రమశిక్షణలో లోపమేమీ లేదు. కానీ ఎక్కువ కంప్యూటర్లలో సి, డి, ఇ అన్నీ ఒకే డిస్క్ మీద గీసుకున్న హద్దులు. ఒకే పళ్లేలు, అవే హెడ్లు, ఒకే మోటారు. విండోస్ పాడైతే డి కాపాడుతుంది, డిస్క్ పాడైతే కాపాడలేదు. అదే బ్యాకప్ ఫైలును వేరే డిస్క్‌లోకి పంపితే, శ్రమ ఏమాత్రం పెరగకుండా అది నిజమైన బ్యాకప్ అవుతుంది.

రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ ఏర్పాటు డిస్క్ చెడినా షాపు ఆగకుండా చూస్తుంది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండుచోట్లా ఒకే క్షణంలో పోతుంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటి సింక్ సేవలకూ ఇదే గుణం ఉంది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. గూగుల్ ట్రాష్‌లో 30 రోజులు ఉంచుతుంది, 31వ రోజు గుర్తొచ్చినవాళ్లకు ఉపయోగం లేదు. ఉచితంగా వచ్చే 15 జీబీలో మెయిల్, ఫోటోలు, ఫైళ్లు అన్నీ ఇమడాలి. ఎవరికో వాట్సాప్‌లో పంపాం కదా అన్నదీ లెక్కలోకి రాదు, మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి వెళుతుంది.

ఎప్పుడూ సిస్టంకి తగిలించే ఉండే ఎక్స్‌టర్నల్ డిస్క్ డిస్క్ చెడిన రోజున ఆదుకుంటుంది, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చిన రోజున మొదటిదానితోపాటే తాళం పడుతుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి, రోజుల తరబడి ఓపీ పని కాగితాల మీద నడిచింది. అక్కడ రోగుల డేటా తిరిగి వచ్చిందంటే, దాడి తగలని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలి ఉండటం వల్లే.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ ప్రమాదాలన్నిటినీ దృష్టిలో పెట్టుకున్నదే. డేటా మూడు చోట్ల ఉండాలి, రెండు రకాల మాధ్యమాల మీద ఉండాలి, ఒకటి వేరే భవనంలో ఉండాలి. వేరే భవనం అన్నదాన్ని పెద్ద సంస్థలే తేలిగ్గా తీసుకున్నాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్న కస్టమర్లు రెండూ కోల్పోయారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కి నిప్పంటుకుంది. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అందులో ఉంది, 858 టీబీ డేటా. పరిమాణం మరీ పెద్దదని దానికి బయట నకలు పెట్టలేదు. మొత్తం పోయింది.

చిన్న పట్నంలోని స్టూడియోకి ఈ సూత్రం పెద్ద ఖర్చేమీ కాదు. పెళ్లి నుంచి రాగానే కార్డులోని డేటా సిస్టంలోకి, అదేరోజు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్లాలి. రెండుచోట్లా ఫోటోలు తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ కాకూడదు. ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు ఉంచుకుని, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో పెట్టి వారానికోసారి మార్చుకుంటే సూత్రంలోని మూడో షరతు కూడా తీరుతుంది. క్లౌడ్ మీదే ఆధారపడదలచుకుంటే లెక్క వేసుకోవాలి. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో ఒక టీబీ పైకి వెళ్లడానికి నాలుగున్నర రోజులు దాటుతుంది, ఎక్కడా ఆగకపోతే. ముహూర్తాల సీజన్‌లో వారానికి అయిదారు ఫంక్షన్లు తీసే స్టూడియోకి అది అందుకోలేని పరుగు. ఇంటివాళ్ల పత్రాలు, పిల్లల ఫోటోలకైతే చక్కగా సరిపోతుంది.

తెరిచి చూడని బ్యాకప్

నకళ్లు ఎన్ని ఉన్నా, వాటిలోంచి ఒక్కసారీ వెనక్కి తెచ్చి చూడకపోతే అవి ఉన్నట్టో లేనట్టో తెలియదు. దీనికి ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థ 2017 జనవరి 31న పడిన అవస్థను మించిన ఉదాహరణ దొరకదు, ఎందుకంటే ఏం జరిగిందో వాళ్లే దాచకుండా రాశారు. ఒక ఇంజినీర్ రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డేటా ఫోల్డర్‌ను చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. అప్పుడు బ్యాకప్‌ల కోసం వెతికారు. రోజూ తీయాల్సిన డేటాబేస్ నకలు అసలు తీయబడటమే లేదు, నకలు తీసే ప్రోగ్రాం పాత వెర్షన్‌ది, డేటాబేస్ కొత్త వెర్షన్‌ది. క్లౌడ్‌లో దాని ఫోల్డర్ ఖాళీగా ఉంది. విఫలమైందని చెప్పే హెచ్చరిక మెయిళ్లు బయల్దేరాయి గానీ, అవతల మెయిల్ సర్వర్ వాటిని తిరస్కరిస్తూ వచ్చింది. అయిదు రకాల ఏర్పాట్లలో ఏదీ సరిగా ఆదుకోలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం ఒకరు చేత్తో తీసిపెట్టిన నకలే చివరికి గట్టెక్కించింది. ఆరు గంటల పని మాత్రం పోయింది.

వెనక్కి తెచ్చి చూడటం అంటే ఫోల్డర్ సైజు చూడటం కాదు. ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, పాతవాటిలో కొన్ని, కొత్తవాటిలో కొన్ని ఫైళ్లు తెరవాలి. వీడియో అయితే మధ్యలోకీ చివరికీ వెళ్లి చూడాలి. టాలీ అయితే ఆ బ్యాకప్‌ను ఖాళీ ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, నిన్నటి వోచర్ కనిపిస్తోందా లేదా చూడాలి.

తెలుగు డీటీపీ సెంటర్లకు ఈ పరీక్ష ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఏళ్ల తరబడి పుస్తకాలు, పత్రికలు, సావనీర్లు పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో కంపోజ్ అయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు వాటిలో లేవు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అక్షరాల స్థానంలో అర్థం లేని గుర్తులు వరుసకడతాయి. డిస్క్ చెడినప్పుడు డి డ్రైవ్‌లోని పుస్తకాల ఫోల్డర్ క్షేమంగా బయటపడొచ్చు. సి డ్రైవ్‌తో పోయిన పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ దొరక్కపోతే ఆ పుస్తకం బైట్ బైట్ భద్రంగా ఉండి కూడా చదవడానికి రాదు. రచయిత చనిపోయి, ప్రచురణకర్త మూసేసి, చేతిరాత ప్రతి కూడా లేని పుస్తకాలు ఇలాంటి డిస్కుల్లో ఉన్నాయి.

అందువల్ల అక్కడ ఒక పుస్తకానికి బ్యాకప్ అంటే పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే కాదు. దాంతో పాటు వాడిన ఫాంట్ల ఫోల్డర్, బొమ్మలు, ఫాంట్లు పొదిగి తీసిన ప్రింట్ పీడీఎఫ్, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చిన పాఠం ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. కన్వర్టర్ ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు వదిలినా ఫర్వాలేదు, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని తర్వాత ఎవరైనా దిద్దుకోవచ్చు. పుస్తకం ప్రెస్‌కి వెళ్లిన రోజునే ఆ ఫోల్డర్ తయారైతే అరగంట పని, పాత సిస్టం ఇంకా నడుస్తోంది గనక. షెల్ఫ్‌లో ఉన్న పాత డిస్కులన్నిటికీ ఈ పని చేయాలంటే ఎక్కువ రోజులే పడుతుంది. మొదట పట్టాల్సింది అన్నిటికన్నా పాత డిస్క్‌ను, దానికి నకలు తీశాకే లోపలి ఫైళ్లు తెరవాలి.